గొలుసులో తక్కువైన గంటన్నర

ఓడరేవు పక్కనున్న వాట్‌గంజ్ పేట తెలుగు చర్చిలో ఎవరు ఊరు కదిలినా విజయ కుమారి వంతుల చీటీ రాయాల్సిందే. గొలుసు ప్రార్థన ఆమె పెట్టిన ఆచారం. మనిషి బండెక్కిన దగ్గర్నుంచి దిగేదాకా ఆడవాళ్లు వంతులవారీగా ఎవరింట్లో వాళ్లు మోకరించాలి. మధ్యలో ఒక్క నిమిషం ఖాళీ ఉండకూడదు. ముప్పై ఏళ్లలో లెక్క ఒక్కసారీ తప్పలేదు. ఆ సంగతి ఎవరూ అడక్కపోయినా చెబుతుంది.

తప్పింది సొంత మొగుడి దగ్గరే.

ఓడల యార్డులో వెల్డరుగా చేసి రిటైరైన ఎలీయాజరుకు నిరుడు గుండెపోటు వచ్చింది. దుబాయ్‌లో నర్సుగా ఉన్న కూతురు గ్రేసీ బిడ్డను చూడటానికి మొదటిసారి విమానమెక్కాడు. డాక్టరు వెళ్లొచ్చన్నాడు గానీ విజయ కుమారికి ధైర్యం చాల్లేదు. తోడు వెళదామంటే పాస్‌పోర్టు రాలేదు. మూడువేల మూడువందల కిలోమీటర్లకు పైగా ఆ గుండె ఒంటరిగా గాల్లో పోవాలి. టికెట్టు మీద పొద్దున తొమ్మిది యాభైకి బయలుదేరి మధ్యాహ్నం ఒంటిగంట యాభైకి చేరుతుందని ఉంది. నాలుగు గంటలు. ఎనిమిదిమందికి తలో అరగంట రాసింది.

చివరి వంతు తనదే. ఆమేన్ అని లేచి ఫోను ముందు కూర్చుంది. అది మోగలేదు. పది నిమిషాలు కాలుగాలిన పిల్లిలా తిరిగి గ్రేసీకి చేసింది.

"ఇక్కడింకా పన్నెండున్నరేనమ్మా. టికెట్టు మీద దిగే టైము ఇక్కడిది. నాన్న గాల్లోనే ఉన్నారు. మొత్తం ఐదున్నర గంటల ప్రయాణం."

రోజూ ఫోన్లో "అక్కడ టైమెంతయింది?" అని అడిగే మనిషికి, చీటీ రాసేటప్పుడు ఆ మాటే గుర్తు రాలేదు. గొలుసు తెగిపోయింది. చర్చి ఆడవాళ్లకు ఫోన్లు చేస్తే ఎవరి పనుల్లో వాళ్లున్నారు, ఒక్కరూ ఎత్తలేదు. మళ్లీ మోకరించి నోరు తెరిస్తే ఏడుపు తప్ప మాట రాలేదు.

కుళాయి దగ్గర చేపలు కడుగుతున్న పక్కింటి జగ్గమ్మ పరుగున వచ్చింది. "ఏటైంది వదినా? ఏడుత్తావేటి?"

సంగతి విని కింద చతికిలబడింది. "నానున్నాను గదేటి. మీ పాటలు నాకు రావు, మా నూకాలమ్మకి సెప్పుకుంతాను. పరవానేదా?"

"ఎవరికైనా చెప్పు తల్లీ, ఆయన్ని క్షేమంగా దించమను."

జగ్గమ్మ కళ్లు మూసుకుని, చేపల పొలుసు అంటిన చేతులతోనే దణ్ణం పెట్టి, అమ్మవారితో పోట్లాడినట్టు మాట్లాడుతూనే ఉంది. మూడూ నలభైకి ఫోను మోగింది.

"దిగాను విజయా. నాలుగు గంటలూ ప్రాణాలు గుప్పిట్లో పెట్టుకుని కూర్చున్నాననుకో. చివర్లో ఏమయిందో గానీ, గంటన్నర హాయిగా నిద్రపోయాను!"

విజయ కుమారి దేవునికి స్తోత్రం చెప్పింది. తర్వాత జగ్గమ్మ చేతులు రెండూ కళ్లకద్దుకుంది, పొలుసుతో సహా.

ఆ ఆదివారం తిరుగు ప్రయాణానికి చీటీ రాసింది. ప్రయాణం ఎన్ని గంటలో గ్రేసీని రెండుసార్లు అడిగింది. చివరి వంతు జగ్గమ్మకిచ్చింది.

"ఆవిడ మన సంఘం కాదు కదమ్మా" అంది పాటల బృందంలోని సువర్ణ.

"కాదు. ఆయన నిద్రపోయింది మాత్రం ఆవిడ వంతులోనే."