సుబ్బరాజుగారు ఎక్కిన తాడు నిచ్చెన

మా ఆయన సుబ్బరాజుగారు ఓడల కెప్టెన్. పద్దెనిమిదేళ్ళకి కాకినాడ వదిలి, ఇరవై నాలుగేళ్ళు సరుకు ఓడల మీద తిరిగారు. ఈ దేశం వచ్చి క్రాన్‌బర్న్ ఊళ్ళో ఇల్లు తీసుకున్నాక, ఇక్కడి రేవులో పైలట్ అయ్యారు. పైలట్ అంటే విమానం కాదు లెండి, అందరూ అదే అడుగుతారు. వచ్చే ఓడకు పడవలో ఎదురెళ్ళి, దాని పక్కన వేలాడే తాడు నిచ్చెన ఎక్కి, ఓడను రేవులోకి తేవాలి. ఆ నిచ్చెన తలుచుకుని తొమ్మిదేళ్ళుగా ఆయన డ్యూటీకి వెళ్ళిన ప్రతిసారీ భయపడుతూనే ఉన్నాను.

నిచ్చెన బాగా లేకపోతే ఎక్కనని చెప్పే హక్కు పైలట్‌కు ఉంది. ఈయన మొహమాటం ముందు ఆ హక్కు ఏ మూలకి?

మొన్న మంగళవారం పొద్దున వచ్చిన ఓడకు కెప్టెన్ భార్గవ్. ఒకప్పుడు ఈయన కిందే పని నేర్చుకున్నవాడు. నిచ్చెన తాడు ఒకచోట పీచులు లేచి ఉండడం ఈయన పడవలోంచే చూశారట. వేరేది వేయమని రేడియోలో అడిగారు.

"గంట లేట్ అవుద్ది సార్, మా కంపెనీవోళ్ళు నన్ను తినేస్తారు. నేనే చెక్ చేశాను, రండి సార్," అన్నాడట భార్గవ్.

ఈయన కాదనలేక ఎక్కేశారు. సగం ఎక్కాక కుడివైపు తాడు తెగింది. యాభై ఒక్కేళ్ళ మనిషి, మిగిలిన తాడు పట్టుకుని, ఓడకు కొట్టుకుంటూ సముద్రం మీద వేలాడారు. పైనున్నవాళ్ళు లాగబట్టి నాకు దక్కారు.

మధ్యాహ్నం ఇంటికొచ్చి, కమిలిన అరచేతులు చూపిస్తూ ఇదంతా చెప్పారు. నాకు ఏడుపూ కోపమూ ఒకేసారి వచ్చాయి.

"రిపోర్ట్ ఇచ్చారా?"

"కాళ్ళ మీద పడ్డాడే. ఇస్తే వాడి కెరీర్ పోద్ది. నిచ్చెన మారుస్తానన్నాడు."

"పొద్దున చెక్ చేశానన్నదీ ఆయనగారేగా?"

ఈయన ఫోన్ తీసి డ్యూటీల లిస్టు చూశారు.

"ఎల్లుండి ఆ ఓడని రేవు దాటించి, వాడు వేసే నిచ్చెన దిగాల్సింది స్నేహ," అన్నారు. "నేను ట్రైనింగ్ ఇచ్చిన పిల్ల. నేను ఊరుకున్నానంటే, బానే ఉందనుకుని దిగిపోద్ది. నాకు భయమేస్తోందే."

పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆయన నోట ఆ మాట వినడం అదే మొదలు. రిపోర్ట్ ఇవ్వడానికి పైలట్ల ఆఫీసుకు ఫోన్ చేయబోయారు. కమిలిన చేతులతో రెండుసార్లు నంబరు తప్పు నొక్కారు. మూడోసారి నేనే నొక్కి చేతికిచ్చాను.