పెట్టె లోపలి నాలుగు డిగ్రీలు

ఒంగోలు నుంచి హోసూరుకు వచ్చిన కొత్తలో నేను ఒక చిన్న కంపెనీలో ఉష్ణోగ్రత కొలిచే పెట్టెలు తయారుచేసేవాణ్ణి. టిఫిన్ బాక్సంత ప్లాస్టిక్ పెట్టె, లోపల మైక్రోకంట్రోలర్ బోర్డు, ఆ బోర్డు మీదే గోరంత సెన్సర్. గులాబీలు పెంచే ప్లాస్టిక్ పరదాల పాలీహౌస్‌లో వేలాడదీస్తే అక్కడి వేడి ఎంతో రైతు ఫోనుకు పంపుతుంది. వేడి హద్దు దాటితే నీటి తుంపర చల్లే పైపులను తనే తెరుస్తుంది. చుక్క నీరు లోపలికి పోకుండా పెట్టెకు రబ్బరు అంచు పెట్టి బిగించేవాణ్ణి. ఆ మూత బిగింపు చూసి నాకు నేనే మురిసిపోయేవాణ్ణి.

బేరిగై దగ్గర ఒకావిడ తోటలో ఒక పెట్టె పెట్టాను. యాభై దాటిన మనిషి. రాగులు పండిన పొలంలోనే ఇప్పుడు గులాబీలు వేసింది. మూడో రోజు ఫోన్ చేసింది.

"ఏమప్పా, నీ పెట్టెకి జరం వచ్చినట్టుండాది. ఎండ ఎక్కకముందే నీళ్లు చల్లేస్తా ఉండాది. పూలన్నీ తడిసిపాయ!"

బండేసుకుని వెళ్లాను. పెట్టె పక్కనే ఆవిడ ఒక గాజు థర్మామీటరు కట్టింది. అది ఇరవై రెండంటోంది, నా పెట్టె ఇరవై ఆరంటోంది.

"గాజుది బాగా పాతదై ఉంటుందమ్మా," అన్నాను, చదువుకున్నవాడి గొంతుతో.

"పాతదేనప్పా. దీన్ని చూసుకుంటానే ఇరవై ఏండ్లు పట్టుపురుగుల్ని సాకినాను. ఒక్క డిగ్రీ తప్పు చెప్పి ఉంటే పురుగులన్నీ చచ్చుండేవి."

పెట్టె విప్పుకుని ఆఫీసుకు తెచ్చాను. మూత తీసి బల్ల మీద పెడితే, నెత్తిన ఫ్యాను తిరుగుతుంటే, ఎంత సేపైనా సరిగ్గా చెప్పింది. తోటకు తీసుకెళ్లి మూత బిగించి వేలాడదీశాను. మొదట సరిగ్గానే చెప్పి, గంట తిరిగేసరికి మళ్లీ నాలుగు డిగ్రీలు ఎక్కింది. సెన్సర్ చెడ్డదనుకుని మార్చాను. అదే కథ. ఇంకోటి మార్చాను.

మూడోసారి కొత్త సెన్సర్ పట్టుకుని వెళ్లినప్పుడు ఆవిడ మజ్జిగ గ్లాసు చేతికిస్తూ అడిగింది. "ఈసారి ఏం మార్చబోతావప్పా?"

"సెన్సరేనమ్మా."

"మళ్లీనా!" అంది, నా మీద జాలితో.

అదీ ఎక్కువే చూపించేసరికి సిగ్గు విడిచి ఒక దొంగపని చేశాను. వచ్చిన అంకెలోంచి నాలుగు తీసేసి చూపించమని ప్రోగ్రాంలో ఒక్క లైను రాశాను. గాజు థర్మామీటరు, పెట్టె రెండూ ఒకే మాట చెప్పాయి. ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్లాను.

మర్నాడు పొద్దున్నే ఫోన్. "అప్పా, కరెంటు పోయి ఇప్పుడే వచ్చింది. గాజుది పదహారంటాది, నీది పన్నెండంటాది. మొన్న జరం, ఈ పొద్దు చలి!"

ఆదరాబాదరా వెళ్లేసరికి రెండూ పదిహేడు చూపిస్తున్నాయి. ఆవిడ నడుం మీద చేతులు పెట్టుకుని నవ్వింది. "చూసినావా? నువ్వొస్తే నిజం చెప్తాది. నువ్వంటే భయం దానికి."

తల పట్టుకుని పెట్టెకేసి చూస్తే దాని మీద ఒక బల్లి హాయిగా పడుకుని ఉంది. అదిలించబోయాను.

"తోలినా మళ్లా వస్తాదిలే," అంది ఆవిడ. "ఈ చలికి ఆడ వెచ్చగా ఉంటాది గదా. కరెంటు ఉంటే దినామూ ఆడనే."

నేను పెట్టె మీద చెయ్యి పెట్టాను. అంత చలిలోనూ కాస్త వెచ్చగా తగిలింది.

నాకు సిగ్గేసింది. వేడి ఆ బోర్డుదే! కరెంటును తగ్గించి ఇచ్చే భాగం వేడెక్కుతోంది, క్షణం ఆగకుండా ఫోనుతో మాట్లాడే రేడియో వేడెక్కుతోంది, నేను ముచ్చటపడి బిగించిన మూత ఆ వేడిని బయటకు పోనివ్వడం లేదు. పాపం సెన్సర్ దాన్నే కొలుస్తోంది. కరెంటు వచ్చిన కొత్తలో బోర్డు చల్లగా ఉంటుంది, అప్పుడు నా దొంగ లైను నాలుగు డిగ్రీలు ఊరికే మింగేస్తోంది. ఇదంతా ఆవిడకు చెప్పాను.

"ఓహో, పొయ్యి ఎలిగించి తలుపేసి, లోపలున్నోణ్ణి బయట ఎండెంత అని అడిగినావు," అంది.

ఆ వారమంతా కూర్చుని సరిచేశాను. సెన్సర్‌ను బోర్డు మీదినుంచి పీకి, జానెడు వైరు చివర, గాలి ఆడే తెల్లటి తొడుగులో పెట్టె కిందకు వేలాడదీశాను. ఒక కొలత పంపడానికీ ఇంకోటి పంపడానికీ మధ్య బోర్డు నిద్రపోయేట్టు చేశాను. ఆ దొంగ లైను చెరిపేశాను. తోటలో పెట్టి, కావాలనే స్విచ్చి ఒకసారి ఆపి మళ్లీ వేసి, ఇద్దరం చెరో ప్లాస్టిక్ కుర్చీలో రెండు గంటలు కాపలా కూర్చున్నాం. గాజుకూ పెట్టెకూ అర డిగ్రీ కంటే తేడా రాలేదు. "ఇప్పుడు మనిషయినావు," అందావిడ, పెట్టెను అందో నన్ను అందో అడగలేదు.

విషయం చెబితే మా ఓనరు అడిగిన ప్రశ్న ఒక్కటే. "మూత వేసి ఒక్క పూటైనా చూడలేదా?" నేను గోడ గడియారం వైపు చూశాను.

అప్పటికే అమ్మిన పెట్టెలన్నిటికీ బండి మీద తిరిగి సెన్సర్లు బయటికి తీశాను. డెంకణికోటలో ఒకాయన తిట్టాడు, పడ్డాను. కావేరిపట్టణం రైతు మాత్రం ఎన్నడూ ఫిర్యాదు చెయ్యలేదు. నేను పని ముగించగానే ఫోనులో ముప్పై ఎనిమిది కాస్తా ముప్పై నాలుగుకు దిగడం చూసి ఆయన ముఖం వాడిపోయింది.

"ఏమప్పా ఇట్ల చేసినావు? 'మా ఊరి ఎండ ముందర మీ ఊరిది ఏం లెక్క' అని మా బావమరిదికి దినామూ ఈ నంబరే పంపిస్తా ఉండా," అన్నాడు. "ఆ నాలుగూ మళ్లీ పెట్టేదానికి అవుతాదా?"