పర్సోం అంటే ఎప్పుడు?

సాఫ్ట్‌వేర్ కంపెనీలు వీధికొకటి చొప్పున తెరుస్తున్న రోజులవి. నేను సికింద్రాబాద్ పద్మారావు నగర్‌లో ఉంటూ, వ్యాపార తగాదాల మధ్యవర్తిత్వ విచారణల్లో దుబాసీ పని చేసేదాన్ని. విజయనగరం నుంచి వచ్చినదాన్ని కాబట్టి ఇక్కడి మాట నాకు సగం తెలుగు, సగం వినోదం. దుబాసీ ఎటూ మొగ్గకూడదు, సలహా చెప్పకూడదు. నోరు ఊరుకోని నాకు అదొక శిక్ష.

ఆ రోజు బేగంపేటలో ఒక హోటల్ గదిలో తొలి సమావేశం. ఒకవైపు సికింద్రాబాద్‌లో కుర్చీలు తయారుచేసే చాచా. ఇంకోవైపు ఇక్కడి తమ ఆఫీసుకు కొన్న ఆయన కుర్చీల వల్ల నడుములు పట్టేస్తున్నాయని గొడవకొచ్చిన సింగపూర్ కంపెనీ. మధ్యవర్తి చెన్నై నుంచి వచ్చిన రిటైర్డ్ జడ్జిగారు. విచారణ ఎక్కడ జరగాలో ఒప్పందంలో రాసుకోలేదు. అలాంటప్పుడు ఇద్దరూ ముందు ఏమనుకున్నారో చూసి మధ్యవర్తే చోటు ఖాయం చేస్తారు. కంపెనీ సింగపూర్ అంటోంది. అంత దూరం వెళ్ళడం చాచా వల్ల కాదు. పైగా ఆయన కోరిక ఒక్కటే, జడ్జిగారు ఆ కుర్చీలో స్వయంగా కూర్చుని చూడాలి.

తగాదా వస్తే ఇక్కడే తేల్చుకుందామని కంపెనీకి ఎప్పుడు చెప్పారని జడ్జిగారు అడిగారు. నేను తెలుగులో అడిగాను.

“పర్సోం చెప్పిన గదమ్మా! మేనేజర్ సాబ్ సరే అన్నడు.”

కంపెనీ లాయరు ఢిల్లీ మనిషి. నేను నోరు తెరిచేలోపే లేచాడు. పర్సోం అంటే మొన్న, అంటే తగాదా మొదలయ్యాకే, అప్పుడు చెప్పిన మాట చెల్లదు అన్నాడు. నాకు ఒళ్ళు మండింది.

“ఈ ఊళ్ళో పర్సోం అంటే మొన్న కావచ్చు, పోయినేడు కావచ్చు, ఎల్లుండి కూడా కావచ్చండీ” అన్నాను. దుబాసీ సొంత అర్థాలు కల్పిస్తోందని లాయరు కేకలేశాడు.

చాచా మొహం వాడిపోయింది. “జెర సమజ్ చేయించు బిడ్డా, నేనేం తప్పు మాట్లాడిన?” అన్నాడు. చాలా జాలేసింది.

లాయరు పక్కనే కూర్చున్న ఆ మేనేజరు ఇక్కడే పుట్టి పెరిగినవాడు. ఇక ఉండబట్టలేక చాచా మీద విరుచుకుపడ్డాడు. “పర్సోం మా ఆఫీస్ ఓపెనింగ్‌కి వచ్చి బిర్యానీ తిన్నవ్, అప్పుడు మంచిగనే ఉంటిమి. ఇప్పుడేందీ పరేషాన్?”

తర్జుమా చేయమన్నారు జడ్జిగారు. లాయరు చెప్పిన అర్థంతోనే, పొల్లు పోకుండా చేశాను: “మొన్న మా ఆఫీసు ప్రారంభానికి వచ్చి బిర్యానీ తిన్నారు.” జడ్జిగారి ముందున్న కాగితాల ప్రకారం ఆ ఆఫీసు తెరిచి అప్పటికి రెండేళ్ళు. జడ్జిగారు కళ్ళజోడు తీసి మరీ నవ్వారు. ఆర్డరిచ్చేటప్పుడు చాచా ఆ మాట అన్నాడా అని మేనేజర్ని సూటిగా అడిగారు.

“అన్నడు సార్. నేను సుత సరే అన్న” అని తల దించుకున్నాడు పాపం.

విచారణ సికింద్రాబాద్‌లోనే జరిగింది. జడ్జిగారు ఆ కుర్చీలో కూర్చుని, భోజనాల వేళ దాకా లేవలేదు. తీర్పు చాచా వైపే వచ్చింది. అంతా ముగిశాక నాకూ ఒక కుర్చీ కావాలని వెళ్ళి, ఎప్పుడిస్తారని అడిగాను.

“పర్సోం వచ్చి తీస్కపో బిడ్డా” అన్నాడు.

ఆ పర్సోం దసరా దాటాక గానీ రాలేదు. ఇదంతా ఆ కుర్చీలో కూర్చునే రాశాను, నడుము నొప్పి లేదు.