ఛాతీ మీద మొరా పేరు

రాయెల్ జెరోటిచ్‌తో కలిసి ఆరేళ్ళు ఒకే ఆఫీసులో నేల తుడిచాను. అప్పర్ హిల్‌లో పద్నాలుగు అంతస్తుల ఇన్సూరెన్సు కంపెనీ మేడ అది. కింది ఏడూ నావి, పై ఏడూ ఆమెవి. మా ఇళ్ళు కూడా కవాంగ్వారేలో ఒకే రేకుల వరసలో ఉండేవి. నేను పొద్దున్నే మటాటు వ్యాను ఎక్కి, ఎవరి మోచెయ్యో డొక్కలో గుచ్చుకుంటుంటే నిలబడి వచ్చేదాన్ని. రాయెల్ మాత్రం ఏడు కిలోమీటర్లూ పరుగెత్తుకుంటూ వచ్చేది. వీపున సంచీ, అందులో యూనిఫాం, అన్నం డబ్బా. ఎన్‌గాంగ్ రోడ్డు మీద బండ్లు ఆగిపోయినప్పుడు మా మటాటుని దాటుకుంటూ పోయేది. కండక్టరు తలుపు పట్టుకుని వేలాడుతూ, "ఓ ఎల్డొరెట్ పిల్లా, మమ్మల్ని కూడా తాడు కట్టి లాక్కుపోవే!" అని అరిచేవాడు. ఎల్డొరెట్ అంటే మా దేశంలో పరుగువాళ్ళ ఊరు. రాయెల్ వెనక్కి తిరక్కుండా చెయ్యి ఊపేది.

బడిలో ఉండగా జిల్లా పోటీల దాకా వెళ్ళిందట. పదిహేడేళ్ళకే కూతురు పుట్టింది. బడీ పోయింది, పోటీలూ పోయాయి. పిల్ల పేరు జెబెట్. తండ్రి ఎవరో రాయెల్ చెప్పలేదు, నేనూ అడగలేదు.

లిడియా మొరా కింద రిసెప్షన్‌లో కూర్చునేది. కిసీ ప్రాంతపు మనిషి, మా ఇద్దరికంటే పెద్దది. ఆమె కంపెనీ ఉద్యోగి, మేం కాంట్రాక్టరు మనుషులం. అయినా మధ్యాహ్నం కాగానే మెట్ల కింద మా గదిలోకి దూరి, "ఇవాళ బీన్స్ ఎవరు వండారే?" అంటూ మా డబ్బాల్లోంచే తినేది. జెబెట్‌కి జ్ఞానస్నానం ఇప్పించినప్పుడు జ్ఞానతల్లిగా నిలబడింది మొరానే. ఆ పిల్ల న్యుమోనియాతో ఆసుపత్రిలో పడితే, సెలవు పెట్టి మూడు రోజులు మంచం పక్కన కూర్చుంది కూడా మొరానే. మొదటినుంచీ ఆమె చెడ్డదని మీరనుకోకూడదని ఇదంతా చెబుతున్నాను.

ఆ ఏడు జూలైలో నగరంలో జరిగే హాఫ్ మారథాన్‌కి కంపెనీ ఒక జట్టును పంపాలనుకుంది. ఆడవాళ్ళెవరూ ముందుకు రాలేదు. అందరి ముందూ గొప్పకి మొరా చెయ్యెత్తింది. పెద్ద సారు పొంగిపోయి, "మన ఆడవాళ్ళ పరువంతా నీ చేతిలో ఉంది మొరా" అన్నాడు. రెండు వారాలు పరుగెత్తేసరికి ఆమె మోకాళ్ళు వాచిపోయాయి. పరుగు ఇంకో పది రోజులుందనగా మెట్ల కిందకి వచ్చింది.

"రాయెల్, నా నంబరు నువ్వు పెట్టుకుని పరుగెత్తవే."

"దాని మీద నీ పేరుంటుంది కదక్కా."

"ఉంటే ఏమైంది? పిన్నీసులతో గుచ్చుకునే కాగితం ముక్క. సోమవారం నేనే నిన్ను పెద్ద సారు గదిలోకి తీసుకెళ్తా. సార్, నా బదులు పరుగెత్తింది ఈ పిల్ల, మీ నేల తుడుస్తోంది, దీన్ని మన జట్టులో వేసుకోండి అని చెబుతా. ఏమో, ఉద్యోగమే ఇస్తాడేమో! కాంట్రాక్టరు పీడ వదులుతుంది నీకు."

"ఆ పరుగేదో రాయెల్ తన పేరుతోనే పరుగెత్తొచ్చుగా" అన్నాను నేను.

"పేర్లు రాసుకోవడం అయిపోయింది కవాటా. నీకన్నీ అనుమానాలే."

రాయెల్ చీపురు పక్కన పెట్టింది. "నిజంగా చెబుతావా అక్కా?"

"జెబెట్ మీద ఒట్టు."

"పిల్ల మీద ఒట్లేంటి?" అని విసుక్కున్నాను. ఇద్దరూ నన్ను చూసి నవ్వారు.

పరుగు ఆదివారం. మా దగ్గర జూలై చలికాలమే, నోట్లోంచి ఆవిరి వస్తోంది. రాయెల్ స్వెట్టర్ చేతిలో పట్టుకుని, పరుగు ముగిసే చోట తాడు పక్కన నిలబడ్డాను. దారిలో ఏం జరిగిందో తర్వాత తనే చెప్పింది. మొదటి ఐదు కిలోమీటర్లూ వీపున సంచీ లేక ఏదో మర్చిపోయి వచ్చినట్టే ఉందట. పదో కిలోమీటరు దగ్గర జనం "మొరా! మొరా!" అని కేకలేస్తుంటే, ఎవరినబ్బా అని వెనక్కి తిరిగి చూసిందట. ఆ తర్వాత కాళ్ళ సంగతే మర్చిపోయిందట. "బడి మైదానంలో ఉన్నట్టే ఉంది కవాటా. ఇంకో పదైనా పరుగెత్తేదాన్ని" అంది. గంటా ఇరవై ఒక్క నిమిషాల్లో గీత దాటింది. పళ్ళన్నీ కనబడేలా నవ్వుతూ దాటింది.

మరుగుదొడ్ల గుడారాల వెనక మొరా కాచుకుని ఉంది. ఒంటి మీద అదే రంగు కంపెనీ చొక్కా. "తొందరగా తియ్యి, ఫోటోల వాళ్ళు వస్తున్నారు" అంటూ తనే పిన్నీసులు ఊడబీకింది. నంబరు తన ఛాతీ మీదకి మార్చుకుంది, పతకం మెడలో వేసుకుంది, సీసాలో నీళ్ళు నెత్తిన, మెడ మీద చల్లుకుంది. నాలుగడుగుల దూరంలో నిలబడి అంతా చూశాను. రాయెల్ చలికి వణుకుతూనే నవ్వింది. "ఇంకాస్త చల్లుకో అక్కా, చెమట చాల్లేదు!"

కంపెనీ జట్ల ఆడవాళ్ళలో మొదటి స్థానం మొరాది అని మైకులో చెప్పారు. ఆమె మెట్లెక్కి కప్పు అందుకుంది. రాయెల్ అరచేతులు ఎర్రబడేలా చప్పట్లు కొట్టింది.

"సోమవారం కదా" అంది నాతో.

సోమవారం అందరికీ టీ, నూనెలో వేయించిన మండాజీలు ఇచ్చారు. మొరా మైకు పట్టుకుని, తెల్లవారకముందే లేచి ఒంటరిగా ఎలా సాధన చేసిందో చెప్పింది. రాయెల్ వెనకాల ఖాళీ కప్పులు ఏరుతూ, ఇదిగో ఇప్పుడు పిలుస్తుంది, ఇదిగో ఇప్పుడు అన్నట్టు ప్రతి మాటకీ తలెత్తింది. పిలవలేదు. మంగళవారం అడిగితే, "సారు మొంబాసా వెళ్ళాడే" అంది. ఆ పై వారం, "ఇప్పుడు చెబితే కోప్పడతాడు, కాస్త ఆగు" అంది. మూడో వారానికి మెట్ల కిందకి రావడమే మానేసింది. రిసెప్షన్ గోడకి కప్పుతో మొరా ఫోటో తగిలించారు. ఆ అద్దం తుడవాల్సింది నేను. రాయెల్ మాత్రం ఆ గోడ వైపు చూడకుండా వెనక మెట్ల మీదుగా పైకి పోయేది.

పరుగు ఫోటోలు ఇంటర్నెట్‌లో పెట్టారట. లెక్కల విభాగంలో ఒకతను మొరా నంబరు కొట్టి వెతికితే, పదిహేనో కిలోమీటరు దగ్గర రాయెల్ ముఖం వచ్చింది. మధ్యాహ్నానికి ఆఫీసంతా గుప్పుమంది. సిబ్బంది వ్యవహారాలు చూసే ముగాంబి సారు మమ్మల్ని ముగ్గురినీ పిలిపించాడు. కాంట్రాక్టరు మనిషి కూడా వచ్చి కూర్చున్నాడు.

మొరా బల్ల వైపు చూస్తూ మాట్లాడింది. "నంబరు నా సొరుగులో పెట్టాను సార్. తాళాలన్నీ ఈ నేల తుడిచేవాళ్ళ దగ్గరే ఉంటాయి. ఆదివారం వెళ్ళి చూస్తే ఈమె పెట్టుకుని పరుగెత్తుతోంది. అడిగితే భయపడి ఇచ్చేసింది. ఈమె ఉద్యోగం పోతుందని జాలిపడి నోరు మూసుకున్నాను. కప్పు తీసుకోవడం నా తప్పే సార్."

"అక్కా" అంది రాయెల్. ఇప్పుడైనా సర్దుకుని నిజం చెబుతుందేమోనని మొరా ముఖం వైపే చూస్తూ ఉండిపోయింది.

ముగాంబి సారు నా వైపు తిరిగాడు. "నువ్వూ అక్కడున్నావటగా. ఏం చూశావు?"

కాంట్రాక్టరు మనిషి కలం ఆపి నా వైపు చూశాడు. నా కొడుకు ఆ ఏడే హైస్కూల్లో చేరాడు, ఫీజులు నా జీతం మీదే.

"నేను టీ తాగడానికి పక్కకెళ్ళాను సార్. ఏమీ చూడలేదు" అన్నాను.

రాయెల్ మెల్లగా తల తిప్పింది. మొరా అబద్ధం విన్నప్పుడు కూడా ఆమె కళ్ళు అంత పెద్దవి కాలేదు.

ఆ సాయంత్రమే రాయెల్‌ని పనిలోంచి తీసేశారు. మొరాకి హెచ్చరిక కాగితం ఇచ్చారు, కప్పు తిరిగి పంపారు, ఫోటో దించారు. ఆమె కుర్చీలో ఆమె అలాగే ఉంది. యూనిఫాం అప్పగించి వస్తున్న రాయెల్‌కి మెట్ల మీద అడ్డుపడ్డాను.

"రాయెల్, నా పరిస్థితి..."

"మొరా కుర్చీ కోసం అబద్ధమాడింది, అది నాకర్థమైంది. నువ్వు నా స్వెట్టర్ పట్టుకుని నిలబడ్డావు కవాటా" అంది. నన్ను దాటుకుని దిగిపోయింది.

నాలుగు నెలలు ఫోటో దించేసిన ఆ గోడనే తుడిచాను. చివరికి ముగాంబి సారు దగ్గరికెళ్ళి జరిగిందంతా చెప్పాను. "అప్పుడు చెప్పాల్సింది. ఆ ఫైలు మూసేశాం" అన్నాడు. వారం తిరక్కుండా కాంట్రాక్టరు నన్నూ మానిపించాడు. రాయెల్ ఇంటికెళ్ళి ఆ మాట చెప్పాను. "మంచి పని చేశావు" అంది గుమ్మంలోనే నిలబడి. లోపలి నుంచి జెబెట్, "కవాటా అత్తా వచ్చిందా? రమ్మను!" అని అరిచింది. రాయెల్ పక్కకి తప్పుకోలేదు.

ఇప్పుడు ఆమె డబ్బున్నవాళ్ళుండే లావింగ్టన్‌లో నాలుగిళ్ళలో బట్టలుతుకుతుంది. జెబెట్ పుట్టినరోజుకి మొరా ఒక గౌను పంపిస్తే, తెచ్చినవాడి చేతికే తిరిగిచ్చేసింది. మరుసటి ఏడు హాఫ్ మారథాన్‌కి తన పేరే రాయించుకుంది. చెప్పకుండానే వెళ్ళి రోడ్డు పక్కన నిలబడ్డాను. గంటా ఇరవై నాలుగు. నవ్వలేదు. పతకం తీసి జేబులో పెట్టుకుని, చుట్టూ ఉన్న ఒక్కరితోనూ మాట్లాడకుండా బస్సుల వైపు నడిచిపోయింది.

కొళాయి దగ్గర వరసలో కలిస్తే, "బాగున్నావా?" అంటుంది.

"బాగున్నా. నువ్వు?"

"ఆఁ" అంటుంది. డబ్బా నిండగానే మూత బిగించి, ఎత్తుకుని వెళ్ళిపోతుంది.