గాలివాళ్ళ క్యాసెట్

మా అన్నయ్య మద్రాసులో ఇంజనీరింగ్ చదివేవాడు. ఆ ఏడు క్రిస్మస్ సెలవులకి వస్తూ సంచిలో బట్టల మీద, నలగకుండా, మూడు క్యాసెట్లు పెట్టుకొచ్చాడు. కాళ్ళయినా కడుక్కోకుండా టేప్ రికార్డర్ ముందు కూర్చున్నాడు. కొత్త సినిమా పాటలనుకుని మేమంతా చుట్టూ చేరాం.

ముందు గాలి చప్పుడు వచ్చింది. ఒట్టి గాలి. అది చాలాసేపు వీచింది. తర్వాత ఎక్కడో దూరంగా ఆర్గాన్ మొదలైంది. గిటార్ వచ్చింది. డ్రమ్ములు వచ్చి, ఆగి, మళ్ళీ వేరే దారిలో వచ్చాయి. వంటింట్లో వంకాయలు తరుగుతున్న అమ్మ అక్కడి నుంచే కేకేసింది.

"ఇంకా పాట మొదలు కాలేదంట్రా?"

"సగం అయిపోయిందమ్మా" అన్నాడు అన్నయ్య.

క్యాసెట్‌లో ఒక వైపంతా ఒకటే పాటట. దీన్ని ప్రోగ్రెసివ్ రాక్ అంటారని చెప్పాడు. మా నాన్న బడిపంతులు. ఆయనకి ప్రోగ్రెసివ్ అన్న మాట వినగానే ఉత్సాహం వచ్చింది.

"ప్రోగ్రెసివ్ అంటే అభ్యుదయం కదరా. కూలీనాలీ గురించా?"

"కాదు నాన్నా. ఒక కోట ఉంటుంది. కోట మీద గాలి వీస్తుంటుంది. లోపల రాజు ఉండడు."

"రాజు లేకపోతే మంచిదేగా. అది అభ్యుదయమే."

"అట్లా కాదు నాన్నా..."

అన్నయ్య ఏదో చెప్పబోయి, తనకీ సరిగా తెలియదని అర్థమై ఆగిపోయాడు. నాన్న పేపరు అందుకున్నారు. నాకైతే తలా తోకా తెలియలేదు. నేను అప్పటికి ఇంటర్ పూర్తి చేసి, పర్చూరు పక్కన మా ఊరి చర్చిలో ఆదివారాలు హార్మోనియం వాయిస్తున్నాను. మా కీర్తనకి పల్లవి ఉంటుంది, చరణాలుంటాయి, ఆమెన్ దగ్గర ఆగుతుంది. ఇది ఎక్కడ ఆగుతుందో, ఎక్కడ ఎత్తుకుంటుందో తెలియక నా వేళ్ళు ఒళ్ళో ఊరికే కదులుతూ ఉండిపోయాయి.

ఆ బ్యాండ్ల అసలు పేర్లు అన్నయ్య చెప్పేవాడుగానీ మాకు నోరు తిరిగేది కాదు. మేమే పేర్లు పెట్టుకున్నాం. గాలితో మొదలుపెట్టేవాళ్ళు గాలివాళ్ళు. మధ్యమధ్య ఫ్లూటు వాయించేవాళ్ళు పిల్లనగ్రోవివాళ్ళు. మూడో క్యాసెట్ వచ్చిన వారంలోనే టేపు చిక్కుపడి పోయింది కాబట్టి వాళ్ళకి పేరు పెట్టే అవసరం రాలేదు.

అన్నయ్యకి ఊళ్ళో ప్రాణస్నేహితుడు ఒకడుండేవాడు. మా వీధి చివర ముస్లింల ఇంటి అబ్బాయి. బడిలో ఒకే బల్ల మీద కూర్చున్నారు. అతను గుంటూరులో బీకాం చదువుతూ శనివారాలు ఇంటికొచ్చేవాడు. వాళ్ళ నాన్న మా చుట్టుపక్కల రైతుల దగ్గర మిరపకాయలు కొని గుంటూరు యార్డుకి తోలేవాడు. ఆయన్ని నేను బాబాయ్ అనేదాన్ని. ఆ శీతాకాలానికి ముందే ఆ ఇంట్లో పిన్ని కాలం చేసింది. తండ్రీ కొడుకూ ఇద్దరే మిగిలారు.

సెలవులయ్యాక మద్రాసు వెళ్తూ అన్నయ్య గాలివాళ్ళ క్యాసెట్‌కి ఒక కాపీ చేయించి స్నేహితుడి చేతిలో పెట్టాడు.

"ఒరేయ్, ఇది వినకుండా చస్తే నీ జన్మ వేస్టు. వేగం చూడు. ఒక్కొక్కడూ నిప్పులు తొక్కినట్టు వాయిస్తాడు."

"మనకి అర్థమవుద్దంటావా?"

"అర్థం కావాలని ఎవడన్నాడు? విను."

ఈస్టరు ముందు అన్నయ్య చదువుకునే సెలవులకి మళ్ళీ వచ్చాడు. అప్పటికి పొలాల్లో మిరప కోతలు పూర్తయి కళ్ళాల నిండా కాయలు ఎర్రగా ఆరుతున్నాయి. దారెంట నడిస్తే దగ్గు. స్నేహితుడు మా ఇంటి అరుగు మీదికొచ్చి కూర్చున్నాడు. అన్నయ్య ఆత్రంగా అడిగాడు.

"విన్నావా?"

"ఇంటికొచ్చినప్పుడల్లా వింటున్నాన్రా. అంత దుఃఖం నేనెక్కడా వినలేదు."

"దుఃఖమేంట్రా?"

"ఆ గొంతు! అరవై ఏళ్ళుంటాయి ఆయనకి. సమాధి దగ్గర నిలబడి పాడినట్టు పాడతాడు."

"అరవయ్యా! వాడు పాతికేళ్ళ కుర్రాడు. అట్ట మీద ఫొటో చూశాను. నడుం దాకా జుట్టు."

"ఫొటో ఎవరిదో వేసుంటారు."

"అదేం పాటనుకున్నావురా? పరుగు పందెం లాంటి పాట."

"పరుగా? అడుగు తీసి అడుగేస్తే కదా పరుగు!"

మొదట్లో నవ్వుకుంటూనే అనుకున్నారు. రెండో రోజుకి గొంతులు లేచాయి. గాలివాళ్ళు మంచివాళ్ళేగానీ పిల్లనగ్రోవివాళ్ళ ముందు పిల్లకాయలని అన్నయ్య వాదన. పిల్లనగ్రోవివాళ్ళు ఏడు దెబ్బల తాళంలో వాయిస్తూ మధ్యలో అయిదుకి మారతారని వేళ్ళ మీద చూపించేవాడు.

"లెక్కలేసుకుంటూ వింటారంట్రా పాట?" అనేవాడు స్నేహితుడు. "గాలివాళ్ళకి లెక్క అక్కర్లేదు. గొంతు చాలు."

"నువ్వు వినకుండానే కోతలు కోస్తున్నావ్."

"నువ్వు విని కూడా చెవిటోడివి."

చివరికి తీర్పు నా మీద పడింది. నీకు సంగీతం వచ్చుగా చెప్పవే అని అన్నయ్య, నువ్వు చెప్పు చెల్లెమ్మా అని అతనూ. నేను మా ఇంట్లో విన్నది పరుగు పాటే. కానీ అతను కూనిరాగం తీస్తుంటే అదే రాగం, బరువుగా, కింది శ్రుతిలో, నిజంగానే ఎవరినో సాగనంపుతున్నట్టు ఉండేది. ఎవరి గొంతుకి తగ్గ శ్రుతి వాళ్ళు పట్టుకుంటారు కదా అనుకున్నాను. ఇద్దరిలో ఎవరు ఎదురుగా ఉంటే వాళ్ళదే నిజమనిపించేది. తెలియదన్నాను. ఇద్దరికీ కోపం వచ్చింది.

ఈస్టరు మర్నాడు చర్చి వాళ్ళంతా రెండు ట్రాక్టర్ ట్రక్కుల్లో వాడరేవు సముద్రానికి వెళ్ళాం. అన్నయ్య స్నేహితుడూ వచ్చాడు. పొద్దుటి నుంచి మా టేప్ రికార్డర్‌లో పిల్లలు సినిమా పాటలు, పెద్దవాళ్ళు కీర్తనలు మార్చి మార్చి వేస్తూనే ఉన్నారు. భోజనాలయ్యాక సర్వీ చెట్ల కింద అన్నయ్య టేప్ రికార్డర్ తన ముందుకి లాక్కున్నాడు.

"ఇవాళ అందరి ముందూ తేలిపోవాలి" అని గాలివాళ్ళని పెట్టాడు.

సముద్రం గాలీ, క్యాసెట్ గాలీ కలిసిపోయి, ఎక్కడ మొదలైందో కూడా తెలియలేదు. గొంతు ఎత్తుకోగానే స్నేహితుడు నిటారుగా కూర్చున్నాడు.

"ఇది ఆ పాట కాదు."

"ఇదేరా."

"కాదు. నువ్వు నాకిచ్చింది వేరే."

"దీన్నుంచే నీకు కాపీ తీయించాను!"

"అయితే కాపీ తీసినోడు ఇంకేదో ఎక్కించాడు."

అందరూ వాళ్ళ మొహాలు మార్చి మార్చి చూస్తున్నారు. అంతలో పాట మెల్లగా బరువెక్కసాగింది. బ్యాటరీలు అయిపోతున్నాయి. డ్రమ్ములు ఈడ్చుకుంటూ నడిచాయి. కుర్రాడి గొంతు కిందికి, ఇంకా కిందికి దిగి, ముసలి గొంతయింది. స్నేహితుడి మొహం ఒక్కసారిగా వెలిగింది.

"ఇదిగో! వచ్చాడు! ఈయనే!"

అన్నయ్యకే ముందు అర్థమైంది. స్నేహితుడి ఇంట్లో ఉన్నది వాళ్ళ మేనమామ ఎప్పుడో కువైట్ నుంచి తెచ్చిన సెట్టు. అందులో రేడియో వినేవాళ్ళుగానీ క్యాసెట్లు ఎవరూ వేసేవారు కాదు. లోపల రబ్బరు బెల్టు సాగిపోయి క్యాసెట్ మెల్లగా తిరుగుతోందన్న సంగతి ఆ ఇంట్లో తెలిసే దారి లేదు. అన్నయ్య ఇసకలో పడి దొర్లి నవ్వాడు.

"నువ్వు నెత్తిన పెట్టుకుంది పాటని కాదురా, సాగిపోయిన బెల్టుని!"

కుర్రాళ్ళంతా గొల్లుమన్నారు. నేనూ నవ్వాను. స్నేహితుడు లేచి, చేపలు ఎండబెట్టిన వైపు నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. తిరుగు ప్రయాణంలో రెండో ట్రక్కు ఎక్కాడు. తర్వాత మా అరుగు మీదికి రాలేదు. ఒక జోకుకి ఇంత కోపమా అని అన్నయ్య తెల్లబోయాడు. అలాగే మద్రాసు వెళ్ళిపోయాడు.

ఆ తర్వాత ఒక సాయంత్రం అమ్మ గిన్నెలో పిండివంటలు పెట్టి బాబాయికి ఇచ్చి రమ్మంది. ఆయన వసారాలో మిరపకాయలు కుప్ప పోసుకుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతున్నాడు. గిన్నె అందుకుని, కూర్చోమని పీట చూపించాడు.

"అమ్మాయ్, మీ అన్న ఇచ్చిన పాట... పెద్దాయన పాడేది. అదేమైంది?"

"మీ ఇంట్లోనే ఉంది కదా బాబాయ్."

"ఉంటే రాడేం? మావాడు సెట్టు గుంటూరు పట్టుకెళ్ళి బాగుచేయించుకొచ్చాడు. అప్పట్నుంచీ ఎవడో కుర్రాడు అరుస్తున్నాడు."

నేను ఇబ్బందిపడుతూ, బెల్టు సంగతి నాకు తెలిసినంత చెప్పాను. ఆయన కాయలు ఏరడం ఆపి విన్నాడు.

"బెల్టు వదులైతే గొంతు ముసలిదవుద్దా?"

"అవుతుంది బాబాయ్."

"మరి అప్పుడు పాడిందెవరు?"

ఆయన మళ్ళీ కాయల్లో చెయ్యి పెట్టాడు.

"మీ పిన్ని పోయాక ఈ ఇంట్లో మాట్లాడింది ఆయనొక్కడేనమ్మా. మేమిద్దరం మాట్లాడుకునేవాళ్ళం కాదు. మావాడు ఆ పాట పెట్టేవాడు, నేనొచ్చి కూర్చునేవాణ్ణి. ఏమంటున్నాడో నాకు తెలీదనుకో. ఆయనింట్లో కూడా ఎవరో పోయుంటారు."

సమాధి దగ్గర పాడినట్టు ఉంటుందని అతను మా అరుగు మీద అన్నప్పుడు అదేదో పోలిక అనుకున్నాం. ఇంటికి నడుస్తుంటే నాకు ఏడుపొచ్చింది. ఎవరికోసమో తేల్చుకోలేకపోయాను. పిన్ని కోసమా, బాబాయి కోసమా, అసలు లేని ఆ ముసలాయన కోసమా?

వేసవి సెలవులకి అన్నయ్య రాగానే చెప్పాను. అన్నం సగంలో వదిలేసి వీధి చివరికి వెళ్ళాడు. అక్కడ ఏం మాట్లాడుకున్నారో ఇద్దరూ నాకెప్పుడూ చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు మాత్రం కలిసే వచ్చారు. స్నేహితుడి చంకలో వాళ్ళ సెట్టు ఉంది.

పాత బెల్టు బాగుచేసినవాడి దగ్గరే పోయింది. అందుకని మా టేప్ రికార్డర్‌లో నీరసించిన బ్యాటరీలు వేసి, ఆ మెల్లగా నడిచే పాటని బాబాయి కోసం రెండో సెట్టులో రికార్డు చేద్దామన్నాడు అన్నయ్య. సరైన వేగం, సరైన తాళం అని అంత గొడవచేసిన మనిషి, పాటని కావాలని చెడగొట్టడానికి కూర్చున్నాడు. ఎంత చెడగొట్టాలన్న దగ్గర మళ్ళీ పోట్లాట.

"ఇంత మెల్లగానా?"

"ఇంకొంచెం తగ్గాల్రా."

"ఇంకా తగ్గితే వాడు పాడడు, నిద్రపోతాడు."

"నీకేం తెలుసు? విన్నది నేను."

నన్ను పిలిచారు. వీడు కూనిరాగం తీసేవాడుగా, ఏ మెట్టు మీద ఎత్తుకునేవాడో చెప్పమన్నాడు అన్నయ్య. హార్మోనియం ముందు కూర్చుని ఒక మెట్టు నొక్కాను. ఇదే అన్నాను. పక్క మెట్టు నొక్కాను. అదీ అదేలా ఉంది. స్నేహితుణ్ణి పాడమంటే అతనికి ఇప్పుడు ఆ శ్రుతి రావడం లేదు. చివరికి ముగ్గురం ఒకదానికి సరేననుకుని క్యాసెట్ తయారుచేశాం.

బాబాయి గోడకి ఆనుకుని కూర్చుని, ఒక వైపంతా విన్నాడు. మేం ముగ్గురం ఆయన మొహమే చూస్తూ నిలబడ్డాం.

"బాగుంది" అన్నాడు. "ఈయనా పెద్దాయనే. కానీ ఆయన కాదు."

అన్నయ్య క్యాసెట్ తీయబోయాడు. ఆయన మాత్రం క్యాసెట్ తిరిగివ్వలేదు. "ఉండనీయండిరా, ఈయనా పాడతాడు" అని గూట్లో పెట్టుకున్నాడు. తర్వాత అప్పుడప్పుడూ ఆ ఇంట్లోంచి అది వినిపించేది. పాటతోపాటు తండ్రీ కొడుకుల మాటలూ వినిపించేవి. అది పాట వల్లో, కాలం గడవడం వల్లో నేను చెప్పలేను.

అన్నయ్యా అతనూ వాదన ఆపలేదు. ప్రతి సెలవుకీ కొత్త క్యాసెట్లు వచ్చేవి. ఎవరు గొప్ప అన్నది తేలేది కాదు. ఎవరైనా గాలివాళ్ళ మాట ఎత్తితే "ఎవరు, నావాళ్ళా, నీవాళ్ళా?" అని అన్నయ్య అడిగేవాడు. అందులో వెక్కిరింపు ఉండేది కాదు. నిజంగానే అడిగేవాడు.

ఒక ఆదివారం చర్చిలో కానుకల సంచి తిరుగుతోంది. ఆ సమయంలో మాటల్లేకుండా ఏదో ఒకటి వాయించాలి. నేను ఏ కీర్తనో అనుకుని మొదలుపెట్టాను. కొంచెం సాగాక అది గాలివాళ్ళదని తెలిసింది. మధ్యలో ఆపలేక అలాగే వాయించాను. ముందు వరసలో ముసలామె ఒకావిడ కళ్ళు మూసుకుని తల ఊపుతోంది. మగవాళ్ళ వైపు కూర్చున్న అన్నయ్య తలెత్తి నన్నే చూస్తున్నాడు.

ఆరాధన అయ్యాక మెట్ల దగ్గర కాసుకుని ఉన్నాడు.

"ఎవరి వేగంలో వాయించావే?"

"తెలీదన్నయ్యా" అన్నాను. నాకు నిజంగానే తెలియదు.