ఖట్కా పడని చాకు

పోయిన నెల రెండో మంగళవారం, ఉదయం ఆరు గంటల పది నిమిషాలకు, శంషాబాద్ విమానాశ్రయంలో సామాన్లు తనిఖీ చేసే బల్ల దగ్గర, మా తోటికోడలి చేతిసంచిలోంచి ఒక మడత చాకు బయటపడింది. ఇద్దరం కాశీకి బయలుదేరాం. ముందురోజు సంచి సర్దుతుంటే కత్తులూ కత్తెరలూ ఏమైనా ఉన్నాయా అని నేను రెండుసార్లు అడిగాను, రెండుసార్లూ లేవంది. పక్క అరలో పడి ఉన్న ఆ చాకు ఆమె దృష్టిలో కత్తి కాదు, పోయిన మా మరిది వస్తువు, అంతే.

తనిఖీ చేసే అమ్మాయి ఇక్కడి పిల్లే. "ఇది లోపలికి తీస్కపోనియ్యరమ్మా" అంది మెల్లగా.

"జామకాయ కోసుకునేటందుకు పెట్టుకున్న బిడ్డా. గీ చాకు సూపిచ్చి ఇమానం నడిపేటాయన్ని బెదిరిస్తనా నేను?" అంది మా తోటికోడలు.

వెనక వరసలో ఎవరో నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వు ఆపుకుంటూ చాకు తెరిచి, కోసే రేకును, అంటే అలుగును, బొటనవేలితో ఇటూ అటూ కదిపి చూసి, "ఎంత పాతదైనా జర గూడ ఊగుతలేదు" అని మెచ్చుకుని డబ్బాలో వేసింది. మా తోటికోడలు విమానంలో కిటికీ వైపు తిరిగి కాసేపు ఏడ్చి, ఏడుస్తూనే నిద్రపోయింది. నాకు ఏడుపు రాలేదు. ఆ పిల్ల అలుగును కదిపి చూసిన తీరే కళ్ల ముందు ఉంది. చాకు చేతికి వస్తే ఊగుతుందా లేదా అని చూడటమే అందరికీ ముందు తోస్తుంది. నేను ఒకప్పుడు పని చేసిన తోటలోనూ అదే చూసేవాళ్లం, వేరే ఏమీ చూసేవాళ్లం కాదు.

ఇప్పుడు విమానాలు పరుగెత్తే నేలకు కాస్త ఇవతల, తొండుపల్లి వైపు, ఒకప్పుడు అంటుమొక్కల తోట ఉండేదని నా వయసు వాళ్లలో కొందరికైనా గుర్తుండాలి. మామిడి, జామ, సపోటా అంటుమొక్కలు అక్కడినుంచే చుట్టుపక్కల ఊళ్లకు ఎడ్లబండ్ల మీద పోయేవి, వానాకాలం మొదలైతే కొనేవాళ్లు పొద్దున్నే వచ్చి గేటు దగ్గర కూర్చునేవాళ్లు. ఆ తోటలో నేను తొమ్మిదేళ్లు పని చేశాను. మొదటి అయిదేళ్లూ కట్టేదాన్ని. పని రెండుగా ఉండేది, కోయడం, కట్టడం. వేరుమొక్క కాండం మీద కత్తితో ఏటవాలుగా చెక్కు తీసి, అంటుపుల్లను దానికి సరిగ్గా అతికేలా కోసి పెట్టేది మగవాళ్లు, దాన్ని కదలకుండా పట్టుకుని అరటినార చుట్టి ముడివేసేది మేము. కోసేవాళ్లకు నీడలో బల్ల, కూర్చోను పీట, వేరుమొక్కల కుండీలు వాళ్ల దగ్గరికే వచ్చేవి. మేము వరసల వెంట వంగి నడిచేవాళ్లం, సాయంత్రానికి నడుము లేవదు. అది అన్యాయమని అప్పట్లో ఎవరూ అనలేదు, నేనూ అనలేదు. కోత బాగా లేని అంటు ఎంత గట్టిగా కట్టినా ఎండిపోతుందని మాత్రం చూస్తూ చూస్తూ తెలుసుకున్నాను, ఎవరు కోసిన వాటిలో ఎన్ని పచ్చగా ఉన్నాయో వరసలవారీగా మనసులో లెక్క పెట్టుకునేదాన్ని.

తోటకు పెద్ద మేస్త్రి, నాకు మేనమామ వరస. ఒక వానాకాలం కోసేవాళ్లలో ఒక ముసలాయన చూపు తగ్గి పని మానుకుంటే, మామ నన్ను పిలిచి ఆయన చోట కూర్చోమన్నాడు. ఎందుకు పిలిచాడో చెప్పలేదు. ఆ లెక్కలు నేను పైకి అనకపోయినా ఆయన గమనించి ఉంటాడని ఇప్పుడు అనుకుంటాను. ఆడమనిషి కోతబల్ల దగ్గర కూర్చోవడం ఆ తోటలో అదే మొదలు. రెండు సీజన్లు చూద్దామన్నాడు, అంట్లు నిలిస్తే నువ్వూ నిలుస్తావు, తర్వాత ఇంకొందరు ఆడవాళ్లను కూడా పెడతాను అన్నాడు. కట్టేవాళ్లలో ఇద్దరు ముగ్గురు అప్పుడే నా వైపు వేరేగా చూడటం మొదలుపెట్టారు, కోపంగా కాదు, తమకేదో రావలసింది నా చేతిలో ఉన్నట్టుగా.

చోటుతో పాటు ముసలాయన చాకూ నాకే వచ్చింది. ఆ రోజుల్లో కోసేవాళ్లవన్నీ పహాడీ షరీఫ్ దర్గా ఉర్సులో గుట్ట కింద వెలిసే దుకాణాల్లో కొన్న మడత చాకులే. కొమ్ము పిడి, దాని వీపున స్ప్రింగు లాంటి ఇనుప కమాను, కమాను కొసన చిన్న పన్ను. అలుగు అడుగున ఒక గాడి ఉంటుంది. అలుగును పూర్తిగా తెరిస్తే పన్ను ఆ గాడిలో పడి టక్కుమంటుంది, దాన్నే ఖట్కా అనేవాళ్లు. ఖట్కా పడ్డ చాకు, కమానును నొక్కితే తప్ప మూసుకోదు. అలుగూ పిడీ కలిసే చోట ఒకే ఒక మేకు. ఏళ్ల తరబడి వాడితే ఆ మేకు అరిగి, అలుగు పక్కలకు ఊగుతుంది. ముసలాయన చాకు బాగా ఊగేది.

ప్రతి ఉదయం పని మొదలుపెట్టే ముందు కోసేవాళ్లందరూ చాకులు తెరిచి చెవి దగ్గర ఊపి చూడటం ఆ తోట ఆనవాయితీ. కటకటలాడిన చాకుకు ఆ పూట బల్ల మీద ఎగతాళే. మా మరిది నా పక్క పీట మీద కూర్చునేవాడు, నాకన్నా రెండేళ్లు చిన్న, నోటికి అడ్డు లేని మనిషి.

"వదినా, నీ చాకు మా తాత పన్ను లెక్క ఊగుతది. పీకి పారెయ్యరాదు?" అనేవాడు.

"ఊగినా నముల్తది మర్దీ. గట్టిగున్న నీది ఏం నమిలిందో నీ వరసల ఎండిన పుల్లల్ని అడుగు" అనేదాన్ని.

బల్ల బల్లంతా నవ్వేది. వాడూ నవ్వేవాడు, మరునాడు మళ్లీ మొదలుపెట్టేవాడు. ఊగే అలుగుతో కోయడం కష్టమే, కోత చివర సన్నగా వంకర తిరుగుతుంది. నేను చూపుడు వేలును అలుగు వీపు మీద ఆనించి, బొటనవేలితో పక్కనుంచి అదిమి, ఆ ఊగు ఎటు పోతుందో తెలుసుకుని దానికి తగ్గట్టు చేయి మలుచుకున్నాను. కోసిన ముఖం సమంగా ఉందో లేదో కళ్లతో చూసేది కాదు, చూపుడు వేలి కొసతో ఒకసారి తడిమితే తెలిసిపోతుంది. ఆ మొదటి సీజనులో నూరు అంట్లలో నావి ఎనభై ఆరు చిగురించాయి. మరిదివి డెబ్బై తొమ్మిది. రెండూ నేనే లెక్కపెట్టాను, వాడి లెక్కలో ఒక్కటి కూడా తగ్గించలేదు.

రెండో సీజను మృగశిర కార్తె మొదట్లో, ఒక సాయంత్రం, పొద్దస్తమానం పడ్డ ఎగతాళి గురించి ఇంట్లో మాటవరసకు చెప్పాను. ఫిర్యాదుగా చెప్పలేదు, నవ్వుతూనే చెప్పాను. మరునాడు తోటకు సెలవు, మా ఆయన చాకు తీసుకుని శంషాబాద్ బజారుకు పోయి, సైకిళ్లు బాగుచేసే దుకాణంలో మేకు మీద రెండు వైపులా సుత్తితో కొట్టించుకుని వచ్చాడు. అన్నం తింటున్నదాన్ని లేపి మరీ చూపించాడు.

"ఇగ సూడు. ఊపు, ఎంతైనా ఊపు. కదుల్తదా?"

కదల్లేదు. తెరవడానికి రెండు చేతులూ కావలసినంత బిగువుగా ఉంది. ఆయన ముఖంలో సంతోషం చూసి నాకూ సంతోషమైంది. మరునాడు ఉదయం చాకు ఊపితే చప్పుడు లేదు. మరిది తన చెవి దగ్గర పెట్టుకుని ఊపి, "ఇగ నాకు పనిలేకుండ పోయింది గద వదినా" అని నిట్టూర్చాడు. చాకు చేతులు మారుతూ బల్ల చివరిదాకా పోయి వచ్చింది. మామ కూడా ఊపి చూసి తల ఊపాడు. ఊగని చాకు మంచి చాకు, మా అందరికీ అంతకన్నా గట్టి నమ్మకం లేదు.

అంతమందిమి ఊపాం గాని, తెరిచినప్పుడు టక్కుమందా లేదా అని ఎవరమూ వినలేదు. మేకు బిగిసిపోవడంతో అలుగు పూర్తిగా తెరుచుకోకుండా గసగస గింజంత ముందే ఆగిపోతోంది. కమాను పన్ను గాడిలో పడలేదు, దాని అంచు మీద కూర్చుంది. ఇంతకుముందు ఎంత ఊగినా ఖట్కా మాత్రం ప్రతిసారీ పడేది. ఇప్పుడు ఊగు పోయింది, దాంతో ఖట్కా కూడా పోయింది.

ఆ పూట నాకు వచ్చినవి ముదురు వేరుమొక్కలు. మధ్యాహ్నం అన్నాలకు లేవబోయే ముందు, ఒక కాండంలో అలుగు లోతుగా దిగి ఇరుక్కుంది. విడిపించడానికి పిడిని కిందికి వంచాను. అలుగు ఉన్నచోటే ఉంది, పిడి మడుచుకుపోయింది, పిడితో పాటు దాన్ని పట్టుకున్న నా వేళ్లు. కత్తి వచ్చి నన్ను కోయలేదు, నా చేయే దాని మీదికి వెళ్లింది. చూపుడు వేలు లోపలి వైపు మొదటి కణుపు పైన ఎముకదాకా తెగింది. పెద్దగా నొప్పి లేదు. కుండీ మట్టి మీద నెత్తురు పడటం చూసి, ఈ మొక్క పాడవుతుందని అనుకున్నట్టు గుర్తు.

మరిది తన తలగుడ్డ చింపి కట్టాడు. దవాఖానలో అయిదు కుట్లు వేశారు. గాయం మానిందిగాని, వేలి కొసకు స్పర్శ తిరిగి రాలేదు. నరం ఎప్పటికైనా అతుక్కుంటుందేమో చూడమని మాత్రం చెప్పి పంపారు. అంటు కట్టే మనిషికి ఆ మాట బాగానే అర్థమవుతుంది, అతికితే అతుకుతుంది, లేదంటే ఎండుతుంది.

మామ నా చాకు తీసుకుని బల్ల దగ్గర కూర్చుని తెరిచాడు, మూశాడు, మళ్లీ తెరిచాడు. "ఊగుతలేదు. గానీ ఖట్కా పడ్తలేదు గదరా" అన్నాడు, ఎవరినీ చూడకుండా. మరునాటినుంచి చెవి దగ్గర ఊపే ఆనవాయితీ మాన్పించాడు. చాకు తెరవగానే అలుగు వీపును చెక్కమొద్దు మీద గట్టిగా తట్టాలి, మడుచుకుంటే పక్కన పెట్టాలి. తట్టి చూస్తే ఊగని చాకులు మరో రెండు మడుచుకున్నాయి. కటకటలాడేవి ఒక్కటీ మడుచుకోలేదు. మా ఆయన తోట వైపు రావడం మానేశాడు. ఇంట్లో ఆ సంగతి ఎత్తేవాడు కాదు, నేనూ ఎత్తలేదు. ఆయన మంచికే చేశాడు, దాని గురించి నేను వేరేగా ఎప్పుడూ అనుకోలేదు. ఆయన మాత్రం పోయేదాకా చపాతీలు కాల్చే పని నాకు ఇవ్వలేదు, పెనం కాలినా నాకు తెలియదని.

కుట్లు తీశాక మళ్లీ బల్ల దగ్గర కూర్చున్నాను. మామ నా చోటు ఖాళీగానే ఉంచాడు. మంచి ఖట్కా ఉన్న చాకు, మరిది తనదే నాకు ఇచ్చి తను వేరేది తెచ్చుకున్నాడు. విమానాశ్రయంలో డబ్బాలో పడ్డది అదే. ఆరు వారాలు దానితో కోశాను. కోసిన ముఖాన్ని వేలితో తడిమితే చెక్కను చెక్క తడిమినట్టు ఉండేది. ఎడమ చేతి వేలితో తడమడం నేర్చుకుందామని చూశాను, అప్పటికి కాండం పాలు ఆరిపోయి కోత ముఖం నల్లబడేది. ఆ సీజను నా అంట్లు నూటికి ముప్పై ఒకటి నిలిచాయి. ఆ లెక్కా నేనే చెప్పాను, మామ అడగకముందే.

"నీ చేతికి తెలుస్తలేదు బిడ్డా. కండ్లతోటి కోస్తున్నవ్" అన్నాడు.

అవునన్నాను. అప్పటికి మా పెద్దమ్మాయి పుట్టి నాలుగు నెలలు. జ్వరం చూడటానికి దాని నుదుటి మీద కుడి చేయి పెట్టి, చూపుడు వేలు ఆనిన చోట మాత్రం ఏమీ తెలియక, చేయి మార్చేదాన్ని. అది అలవాటైంది, కోత పని మాత్రం అలవాటు కాలేదు. చాకు మరిదికి తిరిగి ఇచ్చేశాను. వాడు ఎగతాళి చేయలేదు, ఆ తర్వాత ఎప్పుడూ చేయలేదు, అది నాకు అలవాటు కావడానికి ఇంకా ఎక్కువ కాలం పట్టింది.

మళ్లీ కట్టేవాళ్లలోకి పోయాను, రెండేళ్లకు అదీ మానేశాను. బల్ల దగ్గర నా చోటులో ఒక మగమనిషిని పెట్టారు. ఆడవాళ్లను చూశావుగా, చేయి కోసుకుంటారు అని తోటవాళ్లు అనుకున్నారట, ఆ మాట మామే చెప్పాడు, తనది కాదని కూడా చెప్పాడు. తర్వాత తోట పోయింది, నేల చదును చేశారు, గోడ కట్టారు. ఇప్పుడు అంటు కత్తులకు వాడి పారేసే పలుచని అలుగులు వస్తున్నాయట, మడత లేదు, ఖట్కా లేదు. నర్సరీల్లో ఆడపిల్లలు కూడా కోస్తున్నారని విన్నాను. ఎక్కడా ఆగి చూడలేదు.

పోయినవి ఇవి. కుడి చూపుడు వేలి కొస కణుపుకు స్పర్శ. మా మరిది ఎగతాళి. కోతబల్ల దగ్గర ఒక చోటు. ఆ చోటు నిలిస్తే నా వెనక వచ్చి కూర్చోవలసిన ఆడవాళ్లు. వాళ్లు ఎందరో నాకు తెలియదు, అది ఒక్కటే లెక్క నా దగ్గర లేదు.