ఒక రోజు ముందే పూర్తయిన దంతం

పళ్ళ మేస్త్రి చేసిన పళ్ళసెట్టు పెట్టుకున్నవాళ్ళు పదిమందిలో పడీ పడీ నవ్వేవారు. ముప్ఫై ఏళ్ళుగా బోసినోళ్ళను నిలబెట్టిన ఆ చేతికి చదువు ఎనిమిదో తరగతి.

ఒకనాడు అటవీశాఖ శాస్త్రవేత్త ఆయన దుకాణం మెట్లెక్కి, నకిలీ ఏనుగు దంతం ఒకటి కావాలన్నాడు. దాని కడుపులో జాడ చెప్పే పరికరం ఉంటుంది. దొంగసరుకులో కలిపేస్తే అది ఎక్కడికి పోతే అక్కడికి వెనకే పోలీసులు. కంప్యూటరుతో చేయించిన నమూనా కూడా తెచ్చాడు. ధగధగా మెరిసిపోతోంది.

"ఇంత తెలుపు పళ్ళపొడి ప్రకటనల్లోనే సార్. ఏనుగు రోజూ పళ్ళు తోముకుంటుందా?" అన్నాడు మేస్త్రి.

"మూడో కంటికి తెలియకూడదు. కాగితం ముక్క కూడా ఇవ్వను," అన్నాడు శాస్త్రవేత్త.

మేస్త్రి లెక్కలో రెండో కన్ను భార్యది.

ఎముకల పొడి జిగురులో కలిపి, శాస్త్రవేత్త ఇచ్చిన పరికరం చుట్టూ పొరలు పొరలుగా పోశాడు. బరువుకు సీసం గుళ్ళు, రంగుకు టీ డికాక్షన్, మొదలు దగ్గర ఒక సన్నని పగులు. నలభై రోజులనుకున్న పని ముప్ఫై తొమ్మిదికే అయిపోయింది. ఆయన చేసిన తప్పల్లా అదే. పరికరం మీట నొక్కి, దంతాన్ని దుప్పట్లో చుట్టి, చెప్పకుండా వెళ్ళి ఇద్దామని బస్సెక్కాడు.

దారిలో పోలీసు తనిఖీ కేంద్రంలో దుప్పటి విప్పించారు. నిపుణుడు వచ్చి ఎర్రగా కాల్చిన సూది గుచ్చాడు. నకిలీదైతే కరిగి దిగాలి, దిగలేదు. వాసన చూశాడు.

"అసలుదే. ముసలి ఏనుగుది."

మేస్త్రి ముఖం వెలిగిపోయింది. "నిజంగానా సార్?"

"నవ్వుతున్నాడు చూడు, ఎంత పొగరో!" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

శాస్త్రవేత్త ఫోనెత్తడం లేదు. మేస్త్రి భార్యకు చేసి గుసగుసగా చెప్పాడు.

"చోద్యం కాకపోతే, కోసి చూడమనండి! లోపల తీగలుంటాయిగా?"

"కోస్తే ఇంకేముందే? ఎల్లుండే దొంగల సరుకు కదిలేది. ఇంకోటి ఎప్పుడు చెయ్యను?"

"మిమ్మల్ని జైల్లో వేస్తే నలుగురికీ నేనేం చెప్పుకోను?"

"పని బాగా కుదిరిందని చెప్పు."

నేరం ఒప్పుకునే కాగితం మీద సంతకం పెట్టమని కలం చేతికిచ్చారు. అంతలో రెండు జీపులు దుమ్ము రేపుకుంటూ వచ్చి ఆగాయి. పదిమంది సాయుధులతో శాస్త్రవేత్త లోపలికి దూకాడు. చేతిలోని తెర మీద ఎర్రచుక్క మినుకుమంటోంది.

"దంతం ఎత్తుకెళ్ళిన దొంగ ఎక్కడ?"

అందరూ మేస్త్రిని చూపించారు.

"మీరా! తేవాల్సింది రేపు కదా?"

"ఇవాళే అయిపోయింది సార్."

"ఫోన్ చెయ్యొచ్చుగా!"

"మీరు ఎత్తితే కదా!"

"ఎలా ఎత్తనయ్యా? మిమ్మల్ని తరుముతున్నాను!"

దంతం ఎల్లుండికి చేరాల్సిన చోటికి చేరింది. సరుకు కొనే దొంగలూ సూది గుచ్చి చూసి కొన్నారు, ముగ్గురు దొరికారు. పత్రికలన్నీ జాడ చూపిన ఉపగ్రహాన్ని మెచ్చుకున్నాయి. మేస్త్రి అడిగింది ఒక్కటే, 'అసలుదే' అని నిపుణుడు రాసిచ్చిన కాగితం. దానికి పటం కట్టించి దుకాణంలో తగిలించాడు.

అది తీసేయమని బతిమాలడానికి నిపుణుడు రెండుసార్లు వచ్చాడు. రెండోసారి వచ్చినప్పుడు, తన పైపళ్ళు కదులుతున్నాయని చెప్పి కుర్చీలో కూర్చున్నాడు.